మనిషిని తిన్న బండి పంపు

మా వైపు ట్రాక్టరుకు పాత సామాను కొనడానికి పోయిన మగవాడు అంగట్లో ముందుగా అడిగే మాట ఒకటుంది. పళ్లు అరిగాయా, లోపల గీతలు పడ్డాయా, ఎక్కడైనా వెల్డింగు చేశారా అని కాదు. "ఇది మనిషిని తిన్న బండిది గాదు గదా?" అంటాడు. అంగడాయన వెంటనే కాదంటాడు. ఒట్టు పెట్టమంటే పెడతాడు. ఒట్టు వినగానే కొనేవాడి మనసు చల్లబడుతుంది. ఆ ఇనుపముక్కను గోనెసంచిలో చుట్టుకొని, ఏదో గెలిచినట్టు బస్సెక్కుతాడు. ఈ తంతు గద్వాలలో చూశాను, వనపర్తిలో చూశాను, నాగర్‌కర్నూలు పోయినా ఇదే. అందరూ తెలివిగలవాళ్లమనే అనుకుంటారు.

కొంచెం ఆలోచిస్తే చాలు. మా దగ్గర ట్రాక్టరు బాగుండగా ఎవడూ విప్పదీయడు. బోల్టులన్నీ ఊడిపోయేదాకా, పొగ తప్ప ఇంకేమీ రానంతదాకా తోలుతాడు. అట్లా చచ్చిన బండిలో అమ్మడానికి ఏం మిగులుతుంది? పని చేసే గేరో, పని చేసే పంపో పాతసామాను అంగడికి వచ్చిందంటే, బండి బాగున్నప్పుడే దానికి ఏదో జరిగిందన్నమాట. ఏం జరిగి ఉంటుందో పశువులు కాసేవాడు కూడా చెబుతాడు. అయినా అడుగుతారు. వాళ్లకు కావలసింది నిజం కాదు, ఒట్టు. ఇట్లా అడిగేవాళ్లను చూస్తే ఒకప్పుడు నవ్వొచ్చేది. మా ఆయన పోయాక ఆ నవ్వు పోయి అసహ్యం మిగిలింది.

మాది అమరచింతకు దగ్గర ఊరు. జూరాల ఎడమ కాలువ కింద వరి పండిస్తాం. మా ఆయన సొంత మళ్లు దున్నుకుంటూ, ఊళ్లోవాళ్లకు కిరాయికి కూడా ట్రాక్టరు తోలేవాడు. ఒక యాసంగి కోతల్లో వాన పడింది. ఊళ్లో ఒక పెద్దరైతు ఉన్నాడు. పటేలుగిరీలు పోయి ఏ కాలమైందో గానీ ఆయన్ను అందరూ ఇంకా పటేలా అనే పిలుస్తారు, ఆయనా అంతే హాయిగా పలుకుతాడు. ఆయన వడ్ల ట్రాలీ కాలువ గట్టు పక్కన బురదలో దిగబడింది. ఆయన బండితో లాగితే రాలేదు. మా ఆయన్ను పిలిపించారు. పొద్దున సద్ది తినకుండా పోయాడని గిన్నె పట్టుకొని నేనూ పోయాను.

బరువు లాగేటప్పుడు గొలుసును ట్రాక్టరు వెనక కింద ఉండే హుక్కుకే కట్టాలి. పైన, నాగలిని పట్టి ఉంచే టాప్‌లింకు తగిలించే చోట కట్టకూడదు. అక్కడ కడితే వెనక బరువు కదలదు, ముందు చక్రాలు గాల్లోకి లేస్తాయి, బండి వెనక్కి తిరగబడి తోలేవాడి మీదే పడుతుంది. ఇది స్టీరింగు పట్టిన ప్రతివాడికీ తెలుసు. పటేలుకూ తెలుసు. కానీ మళ్లీ మబ్బు పడుతోంది, వడ్లు తడుస్తాయని ఆయనకు పరేషాన్. కింది హుక్కు బురదలో మునిగి ఉంది. బురదలో చేతులు పెట్టడం ఆయనకు మర్యాద తక్కువ. గొలుసు పైన తగిలించాడు.

"కింద కట్టు పటేలా" అని మా ఆయన సీటు మీద నుంచి అన్నాడు.

"పైన కడితేనే ట్రాలీ లేస్తది. నువ్వు జర రేసియ్యి" అన్నాడు పటేలు.

మా ఆయన రేసిచ్చాడు. ఆ ఒక్క విషయంలో ఆయన మీద నాకిప్పటికీ కోపమే. పెద్దమనిషి ఒక మాట రెట్టిస్తే తల వంచడం పుట్టుకతో వచ్చిన మనిషి. ముందు చక్రాలు లేచాయి. నేను గిన్నె కింద పెట్టేలోగా అంతా అయిపోయింది.

బండిని పైకి లేపినప్పుడు గొలుసు టాప్‌లింకు దగ్గరే వేలాడుతోంది. అక్కడున్న కూలీలంతా చూశారు. సాయంత్రానికి గొలుసు మాట ఏ నోటా లేదు. పోలీసులు వస్తే బురద అన్నారు, జారింది అన్నారు. నేను చెప్పబోతే మా మామ నన్ను లోపలికి పంపాడు. పటేలు పొలం మాకు పై మడి, ఆయన మడిలో నుంచే మాకు నీళ్లు రావాలి. ఆ రాత్రికి ఊరంతా ఒకటే మాట, బండి మనిషిని తినింది. ఆ మాట ముందుగా అన్నది పటేలే. దినాలకు బియ్యం మూట పంపించి, మా అరుగు మీద కూర్చొని మా మామకు సలహా కూడా ఇచ్చాడు.

"ఆ బండి మంచిది గాదు. పొలిమేర దాటియ్యున్రి" అన్నాడు.

మా మామ తలాడించాడు, మరిదీ తలాడించాడు. ఆ బండి ఎన్ని పంటలకు వీళ్ల మళ్లు దున్నిందో, ఎన్ని పెళ్లిళ్లకు మనుషులను మోసిందో, అర్ధరాత్రి ఎవరికి నొప్పులొచ్చినా ఆత్మకూరు దవాఖానకు ఎట్లా ఉరికిందో ఒక్కడికీ గుర్తు రాలేదు. నిమ్మకాయలు కట్టి, గద్వాలలో బండ్లు విప్పి అమ్మే ఆయనకు ఇచ్చేశారు. మొగుడు పోయినదాన్ని ఎవరడుగుతారు, నన్ను అడగలేదు.

ఏడాది తిరిగాక మా అమ్మ పెట్టిన బంగారం అమ్మి, అదే కంపెనీది, అంతకంటే పాత ట్రాక్టరు ఒకటి కొన్నాను. తోలడం నేర్చుకున్నాను. ఆడమనిషి పేరు మీద బండి ఏందని కాగితాలు మరిది పేరు మీద రాయించారు. మరిది ఒక షరతు కూడా పెట్టాడు. బండి నడిచినన్నాళ్లు నా ఇష్టం, దున్నే కాలంలో ఆగిపోయిందంటే అమ్మేస్తాడట. ఊళ్లోవాళ్లు మొదట్లో నేను పోతుంటే పిల్లలను పిలిచి చూపించారు. తర్వాత చెప్పిన పొద్దుకు వస్తానని, మూలలు వదలనని తెలిశాక పిలవడం మొదలుపెట్టారు. పిలిచేటప్పుడు కూడా ఏదో దానం చేస్తున్నట్టు మొహం పెడతారు.

ఈ వానాకాలం కాలువకు నీళ్లు వదులుతారని తెలిసింది. సరిగ్గా అప్పుడు లిఫ్టు పడిపోయింది. లిఫ్టు అంటే వెనక కట్టిన, మట్టిని తిరగేసే రోటావేటర్‌ను పైకి లేపి కిందికి దించేది. నూనెను తోసే పంపు ఒకటి ఉంటుంది, దాని బలంతోనే అది లేస్తుంది. లేవకపోతే గట్టు దాటలేం, మలుపు తిప్పలేం, నాటుకు ముందు నీళ్లమడిని బురద చేసే కరిగెట దున్నలేం. అమరచింత మెకానిక్కు వచ్చి, తెల్లచొక్కాకు మరక అంటకుండా దూరం నుంచే చూసి, పంపు పోయిందన్నాడు. ఆ సంగతి నేను ఆయనకు ఫోనులోనే చెప్పాను. చూసినందుకు చాయ్ తాగి పోయాడు.

పాత పంపును విప్పి, అరిగినవి తీసి కొత్తవి వేసి, కడిగి, మళ్లీ బిగించి అమ్ముతారు. కంపెనీ ఇనుముతో పోసిన పాతదైతే అట్లా కట్టిన పంపు ఏళ్ల తరబడి నడుస్తుంది. అదే తెద్దామన్నాను. మరిది ఒప్పుకోలేదు.

"పాతది ఏ బండిదో ఏందో మనకు తెల్వదు వదినా. కొత్తదైతే డబ్బాలొస్తది, సీలుంటది" అన్నాడు.

మా మరిదికి డబ్బా అంటే భక్తి. డబ్బా మీద మెరిసే బొమ్మ అంటిస్తే దానికి దండం కూడా పెడతాడు. ఇద్దరం కలిసి వనపర్తి పోయాం. అంగడాయన నన్ను చూడకుండా, ఏ బండికని మరిదిని అడిగాడు. నేను చెప్పాను. జవాబు మళ్లీ మరిదికే చెప్పాడు. బల్ల మీద మూడు డబ్బాలు పెట్టాడు. ఒకటి ఒరిజినల్ అట. ఇంకోటి ఒరిజినల్ లెక్కనే అట. మూడోది ఒరిజినల్ కంటే మంచిదట. ఒరిజినల్ కంటే మంచిది ఉంటే ఒరిజినల్ ఎందుకమ్ముతున్నావని అడిగితే మరిది నా కొంగు లాగాడు. మూడు డబ్బాల మీదా ఒకే కంపెనీ గుర్తు, మూడు రంగుల్లో. మొదటి డబ్బాలో పంపు చేతిలోకి తీసుకుంటే తేలిగ్గా ఉంది. ఆ మాట అన్నాను. కొత్త టెక్నాలజీ అన్నాడు అంగడాయన. మరిది గౌరవంగా తల ఊపాడు.

ఇంటికి తెచ్చాక దానికి పసుపు రాసి, కుంకుమ పెట్టి, కొబ్బరికాయ కొట్టారు. మా అత్త హారతి కూడా ఇచ్చింది. ఊళ్లోవాళ్లు వచ్చి డబ్బా చూసిపోయారు. మెకానిక్కు బిగించాడు. మా సొంత మడిలోనే ఒక మూల నుంచి ఇంకో మూలకు పోయేసరికి అది కూత పెట్టింది, తర్వాత నూనె కక్కింది, రోటావేటర్ బురదలో కూర్చుండిపోయింది. వనపర్తికి తీసుకుపోతే అంగడాయన ముందు నూనె బాగలేదన్నాడు, తర్వాత బిగించినవాడికి చేతకాదన్నాడు, చివరికి సీలు విప్పిందాన్ని వాపసు తీసుకోము అన్నాడు. సీలు విప్పకుండా ఎట్లా బిగించాలో ఆయనకే తెలియాలి. మరిది బయటికొచ్చి, అంగడాయనను కాదు, నన్ను తిట్టాడు. నేను ముట్టుకొని తేలిగ్గా ఉందన్నందుకే దానికి దిష్టి తగిలిందట.

"ఇంగ చాలు వదినా. నీళ్లొచ్చేలోపు బండి అమ్ముత. ఒకాయన అడుగుతుండు" అన్నాడు.

అడుగుతున్నది ఎవరో నాకు తెలుసు. మరిది బామ్మర్దే. నేను బస్టాండుకు నడిచి, గద్వాల బస్సెక్కాను.

గద్వాలలో పాతసామాను అంగడి ఊరి చివర ఉంది. వెనక పెద్ద ఖాళీ జాగా, విప్పిన బండ్ల ఎముకలు. అంగడి ముసలి సాయబుది. ఆయన్ను అందరూ చాచా అంటారు. లిఫ్టు పంపు కావాలని, బండి పేరు చెప్పాను. లోపలికి పోయి, కడిగి నల్లరంగు కొట్టిన పంపు ఒకటి తెచ్చి నా చేతుల్లో పెట్టాడు. బరువుగా ఉంది. తిప్పితే ఎక్కడా పట్టకుండా తిరిగింది. నేనింకా ఏమీ అడగకముందే ఆయన మొదలుపెట్టాడు.

"మనిషిని తిన్న బండిది గాదమ్మా. బీచుపల్లి ఆంజనేయుని మీద ఒట్టు."

"నేను అడగలేదు గద చాచా" అన్నాను.

"అడుగుతరు గద" అన్నాడు.

తన దేవుణ్ణి కూడా కాదు, కొనేవాళ్ల దేవుణ్ణి ముందుపెట్టుకొని ఒట్లు వేస్తున్నాడు. ఒట్టు కూడా సామానులో భాగమే. నవ్వు ఆపుకుంటూ వెనక జాగాలోకి చూశాను. గోడకు ఆనించి ఒక మడ్‌గార్డు ఉంది. దాని మీద ఒంకర తిరిగిన రాడ్డు వెల్డింగు చేసి ఉంది. నేను మా ఆయన పక్కన కూర్చొని పోయేటప్పుడు పట్టుకోవడానికి ఆత్మకూరులో దగ్గరుండి పెట్టించిన రాడ్డు. పట్టుకునే చోట రంగు పోయి తెల్లగా ఉంది. నా చేయి రాపిడికే పోయింది.

పంపు ఒళ్లో పెట్టుకొని అక్కడే ఇనుప డ్రమ్ము మీద కూర్చున్నాను. ఏడుపొచ్చింది. ముసలాయన నీళ్లు తెచ్చాడు.

"ఈ పంపు ఆ బండిదేనా?" అని అడిగాను.

"గాదమ్మా, నా పిల్లల మీద..." అని మొదలుపెట్టాడు.

"ఒట్టు వద్దు చాచా. ఆ రాడ్డు నేనే పెట్టించిన. మా ఇంటాయన బండి అది."

ఆయన నా పక్కన ఇంకో డ్రమ్ము మీద కూర్చున్నాడు. తర్వాత గొంతు మార్చి మాట్లాడాడు. అవును, దానిదే. ఇంజను నాగర్‌కర్నూలు దిక్కు పోయింది, గేరుబాక్సు కొల్లాపూరాయన తీసుకుపోయాడు, ముందు ఇరుసు మీ అమరచింత దిక్కే పోయింది. అందరికీ ఒట్టు వేశానన్నాడు.

"ఒట్లు తిననీకి నాకేం సరదా గాదమ్మా. ఒట్టు లేకుంటే కొనరు. నీకు ఇంకోటి ఇస్త, ఇది వద్దులే" అన్నాడు.

"ఇదే కావాలె" అన్నాను.

పొలిమేర దాటించామని మావాళ్లు చేతులు దులుపుకున్నారు. అది ముక్కముక్కగా రెండు జిల్లాల్లో దున్నుతూనే ఉంది. ఇరుసు మా పొలిమేరలోనే ఎక్కడో తిరుగుతోంది. ఆ మడులు ఎండిపోలేదు, ఆ ఇళ్లల్లో ఎవరూ చావలేదు. ఆ మాట తలుచుకుంటూ, పంపును పసిపిల్లలా ఒళ్లో పెట్టుకొని బస్సులో వచ్చాను. ఆ రోజు ఎవరినైనా సరే కొట్టేంత కోపంగానూ ఉంది, చెప్పలేనంత సంతోషంగానూ ఉంది.

మెకానిక్కు కోసం చూడలేదు. పక్క ఊళ్లో ఇంకో తోలేవాణ్ణి పిలుచుకొచ్చి ఇద్దరం కలిసి బిగించాం. లివరు ఎత్తగానే రోటావేటర్ గుడ్డముక్కంత తేలిగ్గా లేచింది. మరిది అడిగితే దాచలేదు, ఎక్కడిదో చెప్పాను. మొహం తెల్లబోయింది.

"నీకు పానం మీద ఆశ లేదా వదినా? ఊళ్లె మాత్రం చెప్పకు" అన్నాడు.

"అడగకుంటే చెప్ప. అడిగితే దాయ" అన్నాను.

నీళ్లొచ్చాయి. కాలువ కొన్నాళ్లు వదిలి, కొన్నాళ్లు కట్టేసే వారబందీ కాబట్టి నీళ్లున్నప్పుడే అందరికీ దున్నాలి. పొద్దు పొడవకముందే దిగి, చీకటి పడ్డాక గట్టెక్కాను. ఊళ్లో ఎవరూ ఏమీ అడగలేదు. అందరూ డబ్బా చూశారు గదా, ఇంకా ఆ డబ్బాలోదే అనుకుంటున్నారు. పంపు భలే పని చేస్తోంది, కొత్తది కొత్తదే అని ఒకాయన మా మామకు చెప్పి పోయాడట. మా మరిది అది విని గోడ వైపు తిరిగాడు.

కాలువ కట్టేసే రోజు పటేలు నుంచి కబురొచ్చింది. ఆయన కొత్త ట్రాక్టరు షోరూముకు సర్వీసుకు పోయి ఇంకా రాలేదు. ఆయన పెద్దమడిలో నీళ్లు నిండుగా ఉన్నాయి, కాలువ కట్టేస్తే అవి ఇంకిపోతాయి. నారు ముదిరిపోయింది. నాటు వేసే ఆడవాళ్లు నారుకట్టలు పక్కన పెట్టుకొని గట్టు మీద కూర్చున్నారు. నేను బండిని మడి అంచుకు తెచ్చాను. పటేలు ఎదురుగా వచ్చి చేయెత్తి ఆపాడు. మరిది ఎక్కడో కక్కినట్టున్నాడు.

"ఏమమ్మా, ఏందో అంటున్నరు. ఆ పంపు మనిషిని తిన్న బండిది గాదు గదా?" అన్నాడు.

ఆయన గొంతులోనే తెలిసిపోయింది. కాదని ఒక్క మాట అంటే చాలు. ఒట్టు కూడా అడగడు, అంత తొందరలో ఉన్నాడు. అబద్ధం చెప్పమని బతిమాలుతున్నాడు.

"దానిదే పటేలా. మా ఇంటాయన బండిదే" అన్నాను.

పటేలు కాలువ వైపు చూశాడు, మడి వైపు చూశాడు. ఆయన లోపల ఏ బేరం నడుస్తోందో మొహం మీద కనబడుతూనే ఉంది.

"సరే తియ్యి, దున్ను. పసుపునీళ్లు చల్లుకుంటం" అన్నాడు.

పసుపునీళ్లు. బండికి కట్టిన నిమ్మకాయలు, అరుగు మీద ఆయన చెప్పిన సలహా, నన్ను లోపలికి పంపిన మా మామ, అన్నీ ఒక్కసారి నా నెత్తికెక్కాయి. ఇంజను ఆపేశాను.

"దున్నుత. ముందు ఒకటి చెప్పు. ఆ పొద్దు గొలుసు యాడ కట్టినవు?"

"ఎప్పటి ముచ్చటో ఇప్పుడెందుకమ్మా?"

"నాకు తొందర లేదు పటేలా. కాలువ కట్టేసేదాంక కూసుంట."

ఆయన అటూ ఇటూ చూశాడు. అడ్డం మాట్లాడేవాళ్లు ఎవరైనా ఉంటారని చూసినట్టున్నాడు. అక్కడున్నది ఆడవాళ్లే. వాళ్లలో ఒకామె నారుకట్ట కింద పెట్టి, "చెప్పరాదు పటేలా, మా కూలి పోతది" అంది.

"పైన కట్టిన" అన్నాడు గొణుగుతూ.

"ఇనపడలే."

"పైన, టాప్‌లింకు కాడ కట్టిన. ఆయన కింద కట్టుమన్నడు. నేనే ఇనలే."

ఆ మాట ఎప్పుడైనా వింటే గుండె పగిలేలా ఏడుస్తానని అనుకునేదాన్ని. ఏడుపు రాలేదు. పోలీసులు అడిగినప్పుడు రాని మాట, నా గాజులు తీసినప్పుడు రాని మాట, ఒక్క మడి ఎండిపోతుందనేసరికి ఆయన నోటి నుంచి వచ్చింది. మా ఆయన ప్రాణం ఆయన దగ్గర ఆ మడిపాటి కూడా చేయలేదని నాకు అప్పుడు తెలిసింది. ఇంజను స్టార్టు చేసి మడిలోకి దిగాను. కాలువ కట్టేసేలోగా మూలలతో సహా దున్నేశాను.

గట్టెక్కేటప్పుడు కిరాయి ఇవ్వబోయాడు. తీసుకోలేదు. మా ఇంటికొచ్చి, ఆ అరుగు మీదే కూర్చొని, మా మామ ముందు, మరిది ముందు అదే మాట అను, అప్పుడు తీసుకుంటానన్నాను. వస్తానన్నాడు. ఆ మడి ఇప్పుడు కోతకొచ్చింది. ఆయన ఇంకా రాలేదు.